ఆబోతు పేరా? దూడల తూకమా?

బ్రెజిలు దేశములో ఒక ఒంగోలు ఆవు దాదాపు నలువది కోట్ల రూపాయల వెల పలికినదను వార్త గడచిన రెండు మూడేండ్లలో తెలుగు పత్రికలలో విరివిగా తిరిగినది. ఆ యావు పేరు వియాటినా-19. తూకము 1,101 కిలోలు. 2023లో జరిగిన వేలములో దానిపై మూడవవంతు హక్కు మాత్రము సుమారు 70 లక్షల రెయాళ్లకు పోయినది. రెయాల్ అనునది ఆ దేశపు నాణెము. ఆ లెక్కను మొత్తము వెల 2 కోట్ల 10 లక్షల రెయాళ్లని కట్టి, ప్రపంచములోని ఆవులలో మిక్కిలి ఖరీదైనదిగా గిన్నిస్ వారు నమోదు చేసిరి. బెంగుళూరులో గాని, కోయంబత్తూరులో గాని, బరంపురములో గాని తెలుగువారు నలుగురు కూడినచోట ఈ ప్రస్తావన రాకుండలేదు. ఒంగోలు జాతి మనది, కావున ఆ గౌరవమును మనదేయని సంతసించితిమి. సంతసించుట తప్పు కాదు. కాని ఆ యావును ఏ పనికై పెంచిరో, దాని తాత ముత్తాతలను ఎవరు ఏ లెక్క చూచి యెన్నుకొనిరో అడిగినవారు అరుదు.

ముందుగా ఒక మాట దాపరికము లేక చెప్పవలసియున్నది. ఆ దేశములో ఈ జాతిని పెంచునది మాంసమునకు. పాలకు కాదు, సేద్యమునకు కాదు. ఈ మాట వినగానే మన పాఠకులలో పెక్కురు ముఖము త్రిప్పుకొందురని యెరుగుదును. మన యిండ్లలో ఆవునకు గల స్థానము వేరు. మన దేశమున పెక్కు రాష్ట్రములలో గోవధను చట్టమే నిషేధించుచున్నది. ఆ విషయమున ఎవరి మనస్సును మార్చుటకును నేను పూనుకొనలేదు. అయినను నలువది కోట్ల వెలను మనదని చెప్పుకొనుచు, ఆ వెల యేల వచ్చినదో చెప్పుకొనకుండుట మాత్రము న్యాయము కాదు. మాంసమునకై పశువును పెంచువాడు త్రాసును నమ్ముకొన్నవాడు. వర్ణనలతో అతనికి పని లేదు. ఆబోతు నెన్నుకొను విద్యకు అతడు తన లాభముకొరకే పదును పెట్టినాడు. కాని ఆ పదును పాలపశువు నుంచుకొన్న మనకును పనికివచ్చునది.

ఒంగోలు పశువు ఆ ఖండమునకు చేరిన కథను త్వరగా చెప్పి ముందునకు పోదును. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న యొక ఓడ బ్రెజిలులోని సాల్వడారు రేవున ఆగినప్పుడు అందున్న ఒంగోలు జంట అక్కడ అమ్ముడుపోయినది. 1878లో రియో డి జనైరో ప్రాంతపు భూస్వామి మనుయెల్ లెంగ్రూబెర్ హాంబర్గు జంతుప్రదర్శనశాల నుండి మరియొక జంటను తెప్పించెను. ఆ కాలమున ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గాని గుంటూరు జిల్లాలో చేరలేదు. కావుననే అక్కడివారు ఆ జాతికి నెలోరె అని పేరు పెట్టుకొనిరి. తెలుగు మాట ఒక్కటియు ఎరుగని జనము దినదినము నోట పలుకు తెలుగు ఊరి పేరు అది. 1938లో ఆ జాతికి లక్షణములు నిర్ణయించి వంశావళి పుస్తకము ప్రారంభించిరి. 1960 దశాబ్ది మొదట చివరి పెద్ద దిగుమతి జరిగినది. ఆ పశువులను సముద్రమధ్యమందలి ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో నిలిపి, రోగము లేదని తేల్చుకొన్న పిమ్మటనే దేశములోనికి రానిచ్చిరి. ఆ కాలమున పోయిన ఆబోతులలో కర్వాది, గోదావరి, తాజ్‌మహల్ అనునవి ప్రసిద్ధములు. కర్వాది యనగా మరేమియు కాదు, ఒంగోలు చెంతనున్న మన కరవది గ్రామమే. ఆ యొక్క ఆబోతు రక్తము సోకని నెలోరె మంద నేడు అరుదు.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. భారతదేశము నుండి బ్రెజిలునకు అన్ని జాతులును కలిపి పోయిన పశువులు మొత్తము సుమారు ఏడువేలని అంచనా. నేడు ఆ దేశములో పశువులు ఇరువది కోట్లకు మించియున్నవి. వానిలో అత్యధికభాగము మోపురము గలవి, అందును నెలోరెదే అగ్రస్థానము. ఇది యెట్లు సాధ్యమైనది? అక్కడి నాటు ఆవులపై మన ఆబోతులను వదలి, పుట్టిన పెయ్యలపై మరల ఒంగోలు ఆబోతునే వదలి, అట్లు నాలుగైదు తరములు సాగించుటచే మంద యంతయు తెల్లని మోపురపు మంద యైనది. ఆవులు పోయి ఆ జాతిని అక్కడ నిలుపలేదు. ఆబోతులు నిలిపినవి. జాతి బాగుపడుటయు చెడుటయు ఆబోతు నెన్నుకొనువాని చేతిలో నున్నదనుటకు ఇంతకంటె పెద్ద దృష్టాంతము నాకు తెలియదు.

ఈ సంగతి మన పెద్దలు ఎరుగనిది కాదు. ఒంగోలు సీమలో సంపన్న గృహస్థు కాలము చేసినప్పుడు కర్మకాండలో భాగముగా ఒక కోడెను కొని, శూలమో చక్రమో అచ్చు వేసి, ఊరిమీద వదలెడి ఆచార ముండెడిది. దానిని ఎవరికి తోచినట్లు వారు కొనుటకు వీలు లేకుండెను. గ్రామములోని తెలిసిన రైతులు దాని మోపురమును, గంగడోలును, కాళ్లను, నడకను పరీక్షించి, తల్లి ఎన్ని పాలిచ్చినదో విచారించి, సమ్మతించినగాని అచ్చు పడెడిది కాదు. ఆ ఆబోతు ఏ చేలో మేసినను అదలించువారు లేకుండిరి. నేడు 'అచ్చోసిన ఆబోతు' అన్నమాట తిట్టుగా మిగిలిపోయినది. ఒకప్పుడు ఆ అచ్చు, ఊరంతయు కూడి యిచ్చిన యోగ్యతాపత్రము. ఒంగోలు పశువును గూర్చి వ్రాసిన ఆంగ్ల పశువైద్యులలో పలువురు ఈ ఆబోతుల మూలముననే ఆ జాతి యంత ఏకరీతిగ నిలిచినదని మెచ్చుకొనిరి.

ఆ పద్ధతిలోని బలము ఎన్నికలో మాత్రమే లేదు. ఎన్నుకొన్న తరువాత ఊరు చూచెడిది. మూడేండ్లు గడచునప్పటికి ఆ ఆబోతు దూడలు వీథివీథిని కనబడెడివి. ఏ దూడ కాడికి వంగినది, ఏ పెయ్య తొలియీతను సులువుగా ఈనినది, ఏది పొడుచు గుణము కలది అనునది రచ్చబండ దగ్గర తేలిపోయెడిది. దూడలు బాగుండనిచో ఆ ఆబోతును ఇతర గ్రామమునకు తోలివేసెడివారును కలరు. మన తాతలకు గణితశాస్త్రము రాకపోవచ్చును గాని, తండ్రిని సంతానమును బట్టి తూచవలెనను సూత్రము వారికి కన్నులకు కట్టినట్లుండెను.

కృత్రిమ గర్భధారణ వచ్చి ఆ కన్నులను మూసినది. నేను ఆ విద్యను నిందించుట లేదు. దాని చరిత్రలో మనము గర్వింపదగిన ఘట్టమును కలదు. 1939లో మైసూరు రాజభవనపు పాడిపశుశాలలో సంపత్‌కుమారన్ గారు హల్లికారు ఆవులకు హోల్‌స్టీన్ వీర్యము నెక్కించి చూడి కట్టించిరి. మన దేశములో ఆ విద్యకు అదియే ఆరంభము. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అను మువ్వురు గ్లిసరిను కలిపినచో వీర్యకణములు గడ్డకట్టించినను జీవించునని కనుగొన్న పిమ్మట కాలమును దూరమును అడ్డములు కాకపోయెను. సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, ద్రవరూపమున నున్న నత్రజనిలో, పావు మిల్లీలీటరు పట్టు సన్నని గొట్టములో ఆబోతు సారము ఏండ్ల తరబడి నిలువ యుండును. ఒక్కసారి తీసిన వీర్యము నుండి కొన్ని వందల మోతాదులు వచ్చును. ఊరి ఆబోతు ఏడాదికి ఏబదియో అరువదియో ఆవులను కట్టించినచో, ఈ పద్ధతిలో ఒక్క ఆబోతునకు లక్షదూడలున్నను ఆశ్చర్యము లేదు.

కాని ఆ ఆబోతును మన ఊరిలో చూచినవాడు లేడు. దాని దూడలు ఒకటి ధర్మపురిలో, ఒకటి బళ్లారిలో, ఒకటి రాయగడలో పుట్టును. ఎవరి దూడ వారికి కనబడును, తక్కిన వేల దూడలు కనబడవు. కావున ఊరి కన్నుల స్థానమున పుస్తకము రావలెను. ఏ దేశములో ఆ పుస్తకము వచ్చినదో ఆ దేశములో ఈ విద్య జాతిని లేవనెత్తినది. ఏ దేశములో గొట్టము వచ్చి పుస్తకము రాలేదో అక్కడ జరిగినది గ్రుడ్డి ఎన్నిక.

బ్రెజిలులో వచ్చిన పుస్తకము ఎట్టిదో కొంచెము వివరింతును. ఇది కొంత లెక్కలతో కూడినది. పాఠకులు ఓపిక పట్టవలెనని మనవి. దూడ పుట్టినప్పుడు, తల్లిని విడిచినప్పుడు, ఏడాది నిండినప్పుడు, పదునైదు మాసముల వయస్సున తూకములు వేయుదురు. అయితే ఒక దూడ 200 కిలోలు తూగినదనుటలో ఆబోతు గొప్ప యెంత, పచ్చిక గొప్ప యెంత? మంచి వాన కురిసిన ఏట మంచి మేత గల పొలములో అధమపు ఆబోతు దూడయు బలియును. అందుచే ఒకే పొలములో, ఒకే కారులో పుట్టి, ఒకే విధముగ మేపబడిన కోడెదూడలను కోడెదూడలతోను, పెయ్యలను పెయ్యలతోను మాత్రమే పోల్తురు. ఆ పోలికలో ఫలాని ఆబోతు దూడలు తక్కిన వానికంటె ఎంత హెచ్చు, ఎంత తగ్గు అని చూతురు. అట్లు వందల పొలముల పోలికలను ఒకచోట చేర్చి, బంధుత్వములను గూడ లెక్కలోనికి తీసికొని, ఆబోతునకు ఒక అంకె కట్టుదురు. ఒక ఆబోతు అంకె 20 కిలోలు, మరియొక దాని అంకె 5 కిలోలు అనుకొందము. ఒకే మందలో ఒకే మేతపై ఈ రెండింటి దూడలను పెంచినచో మొదటిదాని దూడలు సగటున 15 కిలోలు హెచ్చు తూగునని అర్థము. అంతియే గాని ప్రతి దూడయు తూగునని కాదు. ఒక్క దూడను చూచి ఆబోతును మెచ్చువాడును తిట్టువాడును సమానముగా తప్పుదారిలో నున్నవారే.

ఆ అంకె ప్రక్కనే మరియొక అంకె వ్రాయుదురు. మొదటి అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో అది చెప్పును. సున్నకును ఒకటికిని నడుమ నుండును. దూడలు లేని పడుచు ఆబోతునకు అది తక్కువ, వందలకొలది దూడలు తూగిన ఆబోతునకు ఒకటికి చేరువ. ఇటీవలి కాలమున రక్తపు బొట్టునుండియో వెండ్రుకనుండియో జన్యువులను చదివి, దూడలు పుట్టకముందే ఆ నమ్మకమును కొంత పెంచగలుగుచున్నారు. అయినను జన్యుపరీక్ష చెప్పినది నిజమో కాదో చెప్పవలసినది మరల తూకములే. తూకముల పుస్తకము లేనిచోట జన్యుపరీక్షకు ఆధారము లేదు. మన దేశములో యంత్రము కొనుటకు చూపు ఉత్సాహము పుస్తకము వ్రాయుటకు చూపకపోవుట నాకు వింతగా తోచుచున్నది.

తూకమొక్కటియే చూచినచో పొరపాటే. దూడ పెద్దది కావలెనని పుట్టుకనాటి తూకమును పెంచినచో తొలిచూలు పెయ్య ఈనలేక చచ్చును. పాలు హెచ్చుగల వంశమును గడ్డిలేని నేలకు తెచ్చినచో ఆ తల్లి తన దేహమును కరగించి దూడకిచ్చి, మరల ఎదకు రాక ఏడాది గడపును. మిక్కిలి పొడవైన ఆవు మిక్కిలి మేయును. కావున వారు పెక్కు గుణములను కలిపి తూతురు. కోడె వృషణముల చుట్టుకొలతను గూడ కొలుతురు. చెప్పుకొనుటకు మొరటుగా నున్నను దాని ప్రయోజనము సూక్ష్మమైనది: ఆ కొలత హెచ్చుగల ఆబోతు కుమార్తెలు త్వరగా ఎదకు వచ్చునని పరీక్షలలో తేలినది. బ్రదికియున్న పశువు వెన్నుమీద అల్ట్రాసౌండ్ యంత్రము నుంచి కండ వైశాల్యమును, క్రొవ్వు మందమును చూతురు. సావో పౌలో రాష్ట్రములోని సెర్టాయోజిన్యో ప్రయోగక్షేత్రమువారు 1980 ప్రాంతము నుండి ఒకే జాతిని వేర్వేరు శాఖలుగా చీల్చి, ఒక శాఖలో ఏడాది తూకము హెచ్చుగలవానిని, మరియొక శాఖలో సగటు తూకము గలవానిని మాత్రమే తండ్రులుగా నిలుపుచు వచ్చిరి. దశాబ్దములు గడచునప్పటికి ఆ రెండు శాఖలును చూపునకే వేరైపోయినవి. అంతకాలము ఒక ప్రశ్ననే పట్టుకొని కూర్చుండిన ఓర్పునకు నేను నమస్కరించెదను.

ఆ దేశపు పొలములలో ఈ వీర్యము నెక్కించు విధానమును తెలిసికొనదగినది. మోపురము గల ఆవునకు ఎద కొద్ది గంటలు మాత్రమే యుండును; తరచు రాత్రివేళ వచ్చి తెల్లవారకముందే పోవును. వేల ఎకరముల బీళ్లలో దానిని కనిపెట్టువారెవరు? అందుచే హార్మోను గల చిన్న సాధనమును ఆవు యోనిలో ఎనిమిది దినములంత ఉంచి తీసి, పదవ దినమున ఎద చూడకయే మందకంతకును ఒక్కపూటలో వీర్యము నెక్కింతురు. స్కాట్లండు నల్ల ఆంగస్ ఆబోతు ఆ దేశపు ఎండకు తాళలేదు గాని దాని వీర్యమునకు ఎండ బాధ లేదు గదా. కావున నెలోరె ఆవులకు ఆంగస్ వీర్యము నెక్కించి త్వరగా ఎదుగు, మెత్తని మాంసము గల సంకరదూడలను పుట్టించుచున్నారు. వియాటినా పూర్తి పేరులో 'ఫివ్' అను మాట కలదు. గర్భము వెలుపల గాజుపాత్రలో ఫలదీకరణము జరిగి పుట్టినదని దాని యర్థము. ఆమె వెల ఆమె మాంసముది కాదు, పాలదియు కాదు. ఆమె అండముల నుండి ఏటేట పుట్టింపగల దూడలది, వానిలో రేపటి ఆబోతులది.

ఇదంతయు విని బ్రెజిలువారు దోషము లేనివారని తలంపరాదు. ఏ విద్యయైనను పేరునకు దాసోహమన్న నాడు చెడును. మాంసపు జాతుల చరిత్రలోనే అందుకు గుణపాఠములున్నవి. 1940, 1950 దశాబ్దములలో అమెరికాలోని హియర్‌ఫర్డ్ పెంపకందారులు ప్రదర్శనలలో బహుమానములు పొట్టిగా, గట్టిగా, గుండ్రముగా నున్న ఆబోతులకు ఇచ్చుచుండిరి. అందరును అట్టివానినే కోరిరి. ఫలితముగా మరుగుజ్జు దూడలు పుట్టసాగెను. ఆ దోషము తల్లిదండ్రుల నిరువురనుండియు సంక్రమించినప్పుడే బయటపడును. ఒక్కవైపు నుండి మాత్రము సంక్రమించినచో ఆబోతు కొంచెము పొట్టిగా, చక్కగా కనబడునని కొందరి తలంపు. అనగా న్యాయనిర్ణేతలు దోషమునకే బహుమాన మిచ్చిరన్నమాట! పేరుగల మందలే దివాలా తీసినవి.

తూకముల పుస్తకము బాగుగా స్థిరపడిన తరువాత గూడ ఆంగస్ జాతిలో మరియొక దెబ్బ తగిలినది. 2008లో వెన్నువంగి, కాళ్లు మెలిపడి, చచ్చి పుట్టిన దూడలను గూర్చి విచారింపగా, వాని తల్లివైపునను తండ్రివైపునను ఒకే వంశమునకు చెందిన ఆబోతులు కనబడినవి. అందు జి.ఎ.ఆర్. ప్రెసిషన్ 1680 అనునది ఆ కాలమున అంకెలలో మేటియై విరివిగా వాడబడిన ఆబోతు. ఇల్లినాయి విశ్వవిద్యాలయమున జొనాథన్ బీవర్ గారు ఆ దోషమునకు కారణమైన జన్యువును పట్టి పరీక్ష కల్పించుటచే అది అదుపులోనికి వచ్చినది. అంకె అబద్ధమాడలేదు. ఆ ఆబోతు దూడలు నిజముగనే తూగినవి. కాని అందరును ఒక్క ఆబోతు వెంటనే పడినప్పుడు, దానిలో దాగియున్న దోషము మనుమలలోను మునిమనుమలలోను ఎదురెదురుగా కలసికొనును. నెలోరె జాతికిని ఈ భయము లేకపోలేదు. కోట్ల పశువులున్నను వాని మూలపురుషులు గుప్పెడు. కర్వాది వంటి ఒక్క ఆబోతు పేరు తండ్రివైపునను తల్లివైపునను కనబడని వంశవృక్షము దొరకుట కష్టమగుచున్నది. మంద పెద్దదగుట వేరు, వంశము వెడల్పగుట వేరు.

ఇక మన సంగతి. ఒంగోలు జాతి పుట్టినింట తగ్గిపోవుచున్నది గావున బ్రెజిలు నుండి నెలోరె వీర్యమును తెప్పించి మన ఆవుల కెక్కింపవలెనను మాట అప్పుడప్పుడు వినబడుచున్నది. తిరిగి వచ్చిన బిడ్డ అను భావము మనస్సునకు ఇంపైనదే. కాని నా యభిప్రాయము దానికి వ్యతిరేకము. అరువదేండ్లకు పైగా ఆ శాఖను మాంసముకొరకు, బీడుమేతపై పెరుగుటకొరకు తూచి తూచి ఏరినారు. కాడికి వంగుటగాని, దూడ త్రాగగా మిగిలిన పాలు ఇంటికి ఇచ్చుటగాని వారి లెక్కలో లేదు. రూపము అదే, మోపురము అదే, రక్తము అదే. పని మాత్రము వేరు. మన ఆవు పాడి పెరుగవలెనన్నచో పాడి లెక్క చూచి యేరిన ఆబోతు కావలెను. అది గుంటూరు చెంత లాం క్షేత్రములోను, నెల్లూరు జిల్లా చింతలదేవి క్షేత్రములోను ఉన్న మందలనుండియు, రైతుల యిండ్లలో మిగిలిన మంచి ఆవులనుండియు రావలసినదే గాని, వేలము వార్తల నుండి రాదు.

మరియొక ఉదాహరణము మన సంఘమువారు నివసించు ప్రాంతములలోనే యున్నది. కృష్ణానది ఎగువ లోయలో, బెళగావి, బిజాపురము, సాంగ్లీ నల్లరేగడి నేలలలో, గడచిన శతాబ్దికి ముందటి శతాబ్ది చివర దక్షిణ మహారాష్ట్ర సంస్థానాధిపతులు గిర్, ఒంగోలు, కాంక్రేజి, అక్కడి హల్లికారు రక్తములను కలిపి కృష్ణాలోయ జాతిని నిర్మించిరి. అమెరికాలోని బ్రాహ్మణ్ అను మాంసపు జాతిలో ఆ కృష్ణాలోయ రక్తమును, ఒంగోలు రక్తమును గూడ కలవు. అక్కడ 1924లో సంఘము స్థాపించి పుస్తకము ప్రారంభించిరి. ఆ జాతి నేడు అనేక దేశములకు ప్రాకినది. ఇక్కడ సంస్థానములు పోయినవి, ఎన్నుకొనువారు లేకపోయిరి, బరువు లాగు పనిని ట్రాక్టరు తీసికొన్నది. నేడు కృష్ణాలోయ పశువులు మిక్కిలి స్వల్పసంఖ్యలో మిగిలియున్నవి.

మనలో ఇప్పుడు మందలుంచుకొన్నవారు తక్కువే. హోసూరు ప్రాంతమున, కోలారు, బళ్లారి జిల్లాలలో, కోయంబత్తూరు పల్లెలలో, గంజాము జిల్లాలో రెండు మూడు ఆవులతో పాలకేంద్రమునకు పాలు పోయువారు మాత్రము ఇంకను చాలమంది కలరు. ఆవు ఎదకు రాగానే ఫోను చేయుదురు. మనిషి వచ్చి సూది వేసి పోవును. ఆబోతు ఏదని అడిగినవారిని నేను చాల అరుదుగా చూచితిని. 'జెర్సీయా, హెచ్.ఎఫ్.యా' అని మాత్రము అడుగుదురు. ఇటీవల పెయ్యదూడలే పుట్టు వీర్యమున్నదని విని, దానికొరకు ఎగబడుచున్నారు. నూటికి తొంబది పాళ్లు పెయ్య పుట్టుట మంచిదే. కాని ఏ ఆబోతు పెయ్య? పనికిరాని ఆబోతు నుండి తొంబది పెయ్యలు పుట్టిన ప్రయోజనమేమి? గంజాములోని ఘుముసరి వంటి, మలెనాడు గిడ్డ వంటి చిన్న ఆవులకు పెద్ద జాతి ఆబోతు వీర్యము నెక్కించి, ఈతనాడు తల్లిని దూడను ఇద్దరిని పోగొట్టుకొన్న కుటుంబములున్నవి. మాంసపు పెంపకందారుడు మొదట చూచు అంకె ఆ పుట్టుకనాటి తూకపు అంకెయే యని జ్ఞప్తికి తెచ్చికొనవలెను.

వీర్యపు గొట్టముమీద ఆబోతు సంఖ్య, జాతి, వీర్యకేంద్రము, తీసిన తేది అచ్చు వేయబడియుండును. అది మన చేతికి వచ్చిన అచ్చు; ఒకప్పుడు ఆబోతు తొడమీద నుండెడిది, నేడు గొట్టముమీద నున్నది. ఆ ఖాళీ గొట్టమును పారవేయనీయక అడిగి తీసికొని, ఆవు చెవిబిళ్ల సంఖ్య ప్రక్కన ఆబోతు సంఖ్యను వ్రాసికొనవచ్చును. కన్నడములో వ్రాసినను, తమిళములో వ్రాసినను, ఒడియాలో వ్రాసినను, తెలుగులో వ్రాసినను అంకె ఒక్కటే. ఆ ఆబోతు తల్లి పాల లెక్క యెంత, దాని కుమార్తెల పాలు కొలిచినారా, కొలిచినచో ఎందరివి అని వీర్యకేంద్రమును అడుగు హక్కు సొమ్ము చెల్లించినవారికి కలదు. అడుగువారు పదిమందియైనచో జవాబు సిద్ధముగ నుంచుకొందురు. ఒకే ఆబోతు వీర్యమును తల్లికిని, ఆ తల్లికి దానివలననే పుట్టిన పెయ్యకును ఎక్కించుట పుస్తకము లేని ఊళ్లలో జరుగుచున్నది. కేవలము సంఖ్య వ్రాసికొన్న మాత్రమున అది ఆగును.

మన సంఘపు శాఖలు ఒక చిన్న పని చేయవచ్చునని నా సూచన. తమ ఊరిలో పుట్టిన దూడల తండ్రి సంఖ్యను, మూడు మాసముల వయస్సున వాని తూకమును ఒక నోటుపుస్తకములో చేర్చినచో, రెండేండ్లలో ఏ ఆబోతు దూడలు మన మేతపై ఎదుగుచున్నవో తెలియును. త్రాసు లేదని వెనుదీయనక్కరలేదు. దర్జీ కొలత టేపు చాలును. ముందుకాళ్ల వెనుక రొమ్ము చుట్టుకొలతను అంగుళములలో కొలిచి, దానిని దానిచేతనే గుణించి, భుజపు మొననుండి పిరుదు ఎముకవరకు గల పొడవుచే మరల గుణించి, 660 చేత భాగించినచో తూకము కిలోలలో వచ్చును. రొమ్ము 40 అంగుళములు, పొడవు 36 అంగుళములు ఉన్న దూడ సుమారు 87 కిలోలు. కొలుచునప్పుడు దూడ నాలుగు కాళ్లమీద సమముగ నిలువవలెను. ఉదయము మేతకు ముందు కొలిచినచో కడుపు నిండుదనము లెక్కను చెరుపదు.